పురిటి ప్రోటీన్

సూటిగా చెప్పేస్తాను. శ్రీనిజ అంటే నాకు మొదట్లో ఇష్టం లేదు. ద్వేషమూ లేదు, అంత శ్రమ ఎవరు పడతారు? నేను శ్రీశైలాన్ని పెళ్ళి చేసుకునేనాటికి ఆ పిల్లకు ఎనిమిదేళ్ళు. కన్నతల్లి డెంగీ జ్వరంతో పోయి అప్పటికి రెండేళ్ళయింది. పెళ్ళిమాటలప్పుడే ఆయన "నాకొక బిడ్డ ఉన్నది సుగుణా, నిన్నేం సతాయించది" అన్నాడు. నిజమే, సతాయించలేదు. నన్ను చిన్నమ్మా అని పిలిచేది, పెట్టింది తినేది, కంచం కడిగి బోర్లించి తన మూలకు వెళ్ళి పుస్తకం తెరుచుకునేది. ఒకే ఇంట్లో వేరు వేరు వాటాల్లో అద్దెకున్నవాళ్ళలా రెండేళ్ళు గడిపేశాం.

శామీర్‌పేట దాటాక ఉన్న ఒక ప్రోటీన్ల కంపెనీలో నాది ప్యాకింగ్ పని. ప్రోటీన్లంటే జిమ్ముకెళ్ళే కుర్రాళ్ళు పాలల్లో కలుపుకునేవి కావు. మనిషి జన్యువు ముక్కను తీసుకెళ్ళి బ్యాక్టీరియాలో పెడతారు. వాటిని పెద్ద స్టీలు ట్యాంకుల్లో పెంచితే, మన ఒంట్లో తయారయ్యే ప్రోటీన్‌నే అవి తయారుచేసి పెడతాయి. దాన్ని శుభ్రం చేసి, గడ్డకట్టించి, ఆరబెడితే తెల్లటి పొడి మిగులుతుంది. ఆ పొడిని తూచి వేలెడంత సీసాల్లో నింపి, మూత బిగించి, లేబుల్ అంటించడం మా పని. "పరిశోధనశాలల్లో వాడకానికి మాత్రమే, మనుషులకు వాడరాదు" అని ప్రతి సీసా మీదా ఉంటుంది. రోజూ వందలసార్లు చూస్తే ఏ మాటైనా కంటికి ఆనడం మానేస్తుంది.

ఆ ఏడు కొత్తగా ఎస్-19 అనే రకం వచ్చింది. మహా తేలిక పొడి. చెంచా దగ్గరకు తెస్తే చాలు, తనంతట తానే ఎగిరి గ్లౌజులకూ కోటుకూ ముక్కు మీద కట్టుకున్న గుడ్డకూ అంటుకునేది. ఐదుగురు ఆడవాళ్ళం తుమ్ముకుంటూ నవ్వుకుంటూ నింపేవాళ్ళం. శనివారం కోటు ఇంటికి తీసుకెళ్ళి ఉతుక్కుని సోమవారం తొడుక్కురావాలి. కంపెనీలోనే ఉతికించమని అడిగితే "మీ ఇంటి బట్టల్ల ఒక్క కోటు బరువైతదా అక్కా?" అన్నాడు స్టోర్సు ఆయన. మాకూ సబబే అనిపించింది. మా ఇంట్లో ఆ కోటును శ్రీనిజ బాల్కనీలో గట్టిగా దులిపి నానబెట్టేది. ఎవరూ చెప్పకుండా తానే నెత్తికెత్తుకున్న పని అది.

మార్పు ఏ రోజు మొదలైందో చెప్పలేను. ఒక ఉదయం శ్రీనిజకు జడ వేస్తుంటే మెడ వెనక చిన్న పుట్టుమచ్చ కనిపించింది. రెండేళ్ళుగా జడ వేస్తున్నాను, ఎప్పుడూ చూడలేదు. చూస్తూ చూస్తూ ఉంటే గొంతు పూడుకుపోయింది. ఈ పిల్ల నాది అనిపించింది. అలా ఎందుకు అనిపించిందో అర్థం కాక జడ సగంలో వదిలేసి వంటింట్లోకి పోయాను. "చిన్నమ్మా, జడ?" అని కేకేసింది పాపం.

ఆ తర్వాత అంతా ఒక వింత. బస్సులో కండక్టర్ టికెట్ ఇస్తే, ఇతను పొద్దున తిన్నాడో లేదో అని దిగులు. గ్యాసు బండ మోసుకొచ్చినవాడికి మజ్జిగ ఇవ్వకుండా పంపితే ఏదో తప్పు చేసినట్టు ఉండేది. పక్క కుర్చీలో కూర్చునే కౌసల్య నా సొంత చెల్లెలనిపించేది, నాకేమో చెల్లెళ్ళే లేరు. వయసు పైబడుతుంటే మనసు మెత్తబడుతోందేమో అనుకున్నాను. ముప్పై ఎనిమిదికే మెత్తబడాలా అని కూడా అనుకున్నాను.

ఒక ఆదివారం పప్పుకు తిరగమోత పెడుతున్నాను. శ్రీనిజ వెనకనుంచి వచ్చి నా నడుం చుట్టూ చేతులు వేసింది.

"అమ్మా, ఆకలైతున్నది."

ఆవాలు మాడిపోయాయి. స్టవ్వు కట్టేసి, ఆ పిల్లను దగ్గరకు లాక్కుని, ఏడ్చాను. ఎవరికీ దక్కనిది నాకు దక్కిందనిపించింది. అంత సంతోషం నా పెళ్ళిరోజున కూడా పడలేదు. ఈ మాట శ్రీశైలానికి చెప్పకండి.

మా ప్రయోగశాలలో ఎస్-19 చూసే సైంటిస్టు డాక్టర్ ఫణిభూషణ్. కాకినాడ కుర్రాడు, ముప్పై దాటి ఉండవు, ఎప్పుడూ తల గోక్కుంటూ ఉంటాడు. ఆ ప్రోటీన్ ఎక్కించిన ఎలుకలు ఏదో తేడాగా ఉన్నాయని, పొడి మా ఒంట్లోకేమైనా పోతోందేమో చూడాలని ఆయనకు అనుమానం వచ్చింది. విదేశీ ఫారం ఒకటి తెలుగు చేయించి అందరికీ పంచాడు. ఏడో ప్రశ్న ఇది: "మీకు బంధువులు కానివారు బంధువుల్లా అనిపిస్తున్నారా?"

కౌసల్య పెన్ను ఎత్తిపట్టుకుని అడిగింది. "ఇదేం ప్రశ్న సార్? నిన్ను తమ్మీ అంటలేనా? క్యాంటీన్ల ఆయనను బావా అంటలేమా? వాచ్‌మన్ తాతను తాతా అనక ఏమంటరు, పేరు పెట్టి పిలుస్తరా?"

ఐదుగురం అవును అని టిక్కు పెట్టాం. పొడి దరిదాపులకైనా రాని ఆఫీసువాళ్ళు పెట్టారు, డ్రైవర్లు పెట్టారు, వాచ్‌మన్ తాత రెండుసార్లు పెట్టాడు. ఫణిభూషణ్ కాగితాలన్నీ తిరగేసి నవ్వేశాడు. "మన దగ్గర అడగాల్సిన ప్రశ్న కాదండీ ఇది. అందరూ అవునంటే ఎవరికి ఏమైందని పట్టుకోను?" అని ఫారాలు బీరువా మీద పడేశాడు. అందరం నవ్వాం. నేను అందరికన్నా ఎక్కువ నవ్వాను.

ఆ వారంలోనే సీసాలు ఇచ్చి రమ్మంటే పైన ఎలుకల గదికి వెళ్ళాను. ఫణిభూషణ్ నన్ను పిలిచి ఒక పంజరం చూపించాడు. ఇరవై ఎలుకలు, ఒకదానికొకటి ముఖపరిచయం లేనివి, ఒకే కుప్పగా పడుకుని ఉన్నాయి.

"మామూలుగా అయితే ఈపాటికి కొరుక్కు చచ్చేవి అక్కా. ఇప్పుడు చూడండి."

పిల్లి పడుకున్న పాత గుడ్డ ఒకటి పట్టకారుతో పట్టుకుని పంజరంలో వేశాడు. మామూలు ఎలుక ఆ వాసనకే గోడలెక్కుతుందట. ఇవి మెల్లగా లేచి వచ్చాయి. ఒకటి గుడ్డను కాసేపు వాసన చూసి, దాని మడతలో ముడుచుకుని కళ్ళు మూసుకుంది.

"వీటికి పరాయి అనేది పోయింది, దాంతోపాటు భయమూ పోయింది. అయితే ఇది మంచికో చెడుకో నాకే అర్థం కావట్లేదు" అన్నాడు తల గోక్కుంటూ.

నాకు మాత్రం ఆ ఎలుకను చూస్తే ముచ్చటేసింది. హాయిగా నిద్రపోతోంది కదా అనుకున్నాను.

తర్వాతి గురువారం నాకు మొదటి షిఫ్టు. మూడింటికల్లా ఇంటికి చేరి బెండకాయలు తరుగుతున్నాను. నాలుగున్నరకు రావాల్సిన శ్రీనిజ ఐదున్నరకూ రాలేదు. నేను తరుగుతూనే ఉన్నాను. ఆరింటికి శ్రీశైలం వచ్చాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, చేతులకు గ్రీజు కూడా కడుక్కోలేదు.

"బిడ్డేది?"

"వస్తది. ఎవరో మనోళ్ళే తీస్కపోయి ఉంటరు."

"ఏ మనోళ్ళు? ఎవరున్నరు మనకీడ?" ఆయన గొంతు లేచింది. "నీకేమైంది సుగుణా? గంటన్నరైతున్నది!"

నిజంగానే నాకు భయం వేయలేదు. ఆయన ఎందుకంత అరుస్తున్నాడో తెలియలేదు. ఊరంతా మనవాళ్ళే అయినప్పుడు పిల్ల ఎక్కడికి పోతుంది? ఆ సాయంత్రం నేనున్న తీరు తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తుకోలేను.

ఏడున్నరకు ప్రజ్ఞాపూర్ నుంచి పోలీసుల ఫోను. స్కూలు బయట బస్టాపులో నిలబడ్డ ఒకాయన చెయ్యి పట్టుకుని శ్రీనిజ సిద్దిపేట బస్సెక్కిందట. ఆయన పాత ఇనుము కొనుక్కునే మనిషి. తోపులాటలో చెయ్యి పట్టుకున్న ఈ పిల్ల, బస్సులో పక్కన కూర్చున్న ఇంకెవరి తాలూకో అనుకున్నాడు. ప్రజ్ఞాపూర్‌లో తనతోపాటు దిగేసరికి బెదిరిపోయి నేరుగా స్టేషన్‌కు తీసుకొచ్చాడు. మేం వెళ్ళేసరికి ఆయనే బిస్కెట్లు కొనిచ్చి, దూరంగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన మంచివాడు కాబట్టి సరిపోయింది. ఇంకొకరైతే అన్న మాట ఆ రాత్రి మా ఇద్దరిలో ఎవరమూ పైకి అనలేదు.

"ఆయన ఎవరు తల్లీ?" అని ఎస్సై అడిగితే, "మా కాక" అంది శ్రీనిజ, సొంత చిన్నాయనను చూపించినట్టు.

"పేరేంది?"

"తెల్వది."

"ఎప్పుడన్నా చూసినవా ఆయన్ని?"

"లే. గని మా కాకనే" అంది. ఆ మొహంలో బెదురన్నది మచ్చుకైనా లేదు. నాకు అప్పుడు గుడ్డ మడతలో పడుకున్న ఎలుక గుర్తొచ్చింది. పిల్లి గుడ్డ మీద నిద్రపోతున్నది ఎవరో ఒక్కసారిగా తెలిసింది.

మర్నాడు పొద్దున్నే ఫణిభూషణ్‌ను పట్టుకున్నాను. కోటు సంగతి, దులపడం సంగతి చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది. బీరువా మీది ఫారాలు దించి మళ్ళీ చూశాడు, చూసి ఏం లాభం? మా ఐదుగురికీ, మా ఇళ్ళలోవాళ్ళకూ రక్తం తీశారు. పొడి పనిచేసే మోతాదులో దొరికింది ఎనిమిది మందిలో. శ్రీనిజలో నాకంటే ఎక్కువ ఉంది, శ్రీశైలంలో లెక్కలోకి రానంత. కంపెనీ ప్యాకింగ్ ఆపేసింది.

"కంగారు పడకండి అక్కా. నలభై రోజుల్లో ఒంట్లోంచి పూర్తిగా పోతుంది" అన్నాడు.

"పోతే ఏమైతది?"

"మామూలైపోతారు."

నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. మామూలు అంటే నాకు తెలుసు. కంచం కడిగి బోర్లించి మూలకు పోయే పిల్ల, పుట్టుమచ్చ చూడని నేను.

"సార్, అసలు ఈ ప్రోటీన్ మనుషుల్ల ఎందుకుంటది?"

"కాన్పు అయిన తల్లి మెదడులో ఊరుతుందండీ. అప్పటిదాకా మొహం చూడని బిడ్డ ఒడిలో పడగానే నాది అనిపించాలిగా, అందుకని."

"అంటే కన్నతల్లులది కూడా ఈ పొడేనా?"

"మొదటి కొన్ని వారాలు ఇదే. ఆ తర్వాత ఊరడం ఆగిపోతుంది."

"ఆగినంక?"

ఆయన తల గోక్కున్నాడు. "ఎలుకలైతే పిల్లల్ని వదిలేసి పోతాయి. మనుషుల్లో ఏం మిగులుతుందో... అది మేం కొలవలేదక్కా. ఎలా కొలవాలో కూడా తెలియదు."

ఇంటికొచ్చి శ్రీశైలానికి చెప్తే, "నాకైతే తేడా ఏం తెల్వలే" అన్నాడు. ఎలా తెలుస్తుంది, ఆయన సొంత బిడ్డాయె. నాకు ఒళ్ళు మండింది.

నలభై రోజులు నన్ను నేనే కాపలా కాసుకున్నాను. పన్నెండో రోజున కండక్టర్ ఉట్టి కండక్టరైపోయాడు, చిల్లర లేదని కసురుకుంటే తిరిగి కసిరాను. గ్యాసు బండవాడికి మజ్జిగ ఇవ్వాలని తోచలేదు. ఇరవై రోజులు దాటేసరికి కౌసల్య ఫోను చేస్తే, ఈవిడ ఇంత వాగుతుందా అని విసుగొచ్చింది. ఒక్కొక్కరే పరాయివాళ్ళవుతుంటే, ఇంట్లో ఒక్కో గదిలో కరెంటు పోతూ నేనున్న గది వైపు వస్తున్నట్టు ఉండేది. ప్రతి ఉదయం జడ వేసే ముందు ఊపిరి బిగబట్టి ఆ మెడ వెనక చూసేదాన్ని. ఇంకా ఉంది, ఇంకా ఉంది అనుకునేదాన్ని. ఉన్నది నిజమా, ఉండాలన్న ఆశా? నాకే తేలలేదు.

ముప్పై ఒకటో రోజున చూస్తే, పుట్టుమచ్చ ఉట్టి పుట్టుమచ్చ.

లోపలంతా వెతుక్కున్నాను. గొంతు పూడలేదు, ఏమీ కదలలేదు. జడ పూర్తిగా అల్లి రిబ్బను కట్టాను. అది కూడా చేతులకు అలవాటు కాబట్టి కట్టాను.

రెండు రోజులాగి శ్రీనిజ గది గుమ్మంలో నిలబడింది. "చిన్నమ్మా, నా సాక్సులెక్కడున్నయి?"

అనేసి తనే ఆగిపోయింది. నా వంక చూసింది, నేను తన వంక చూశాను. అయిదు నెలలుగా అమ్మా అన్న నోటితో ఎప్పుడు మారిందో ఆ పిల్లకూ తెలిసినట్టు లేదు. "తాడు మీద" అన్నాను. వెళ్ళి తీసుకుంది. ప్రజ్ఞాపూర్ సంగతి కూడా అప్పుడే దానికి తలకెక్కింది. అంతవరకు కథలా చెప్పుకున్న పిల్ల, ఆ రోజునుంచి ఎవరైనా తలుపు కొడితే మంచం వెనక నక్కేది. బస్టాపు వైపు చూడటానికే వణికేది. శ్రీశైలమే పనులు మానుకుని స్కూలు నుంచి తీసుకొచ్చేవాడు.

కంపెనీ మళ్ళీ తెరిచారు. గాజు పెట్టెలో చేతులు దూర్చి నింపాలి, ముఖం మొత్తం మూసే మాస్కులు, కోట్లు అక్కడే ఉతుకుతారు. మొదటి రోజునే ఎస్-19. నా ముందునుంచి వరుసగా పోతున్న సీసాల్లో ఒకటి తీసి జేబులో వేసుకున్నాను. తీయాలని ముందే అనుకున్నానో లేదో కూడా గుర్తులేదు. బాత్రూములోకి పోయి గడియ పెట్టుకున్నాను.

ఎంత తేలిక! అడుగున తెల్లగా, ఊదితే పోయేంత. ఆదివారం తలుపులు మూసుకుని ఇద్దరికీ చిటికెడు చాలు. మళ్ళీ వెనకనుంచి వచ్చి నడుం పట్టుకుంటుంది. మళ్ళీ అమ్మా అంటుంది. నాకు మళ్ళీ ఈ పిల్ల నాది అనిపిస్తుంది. దొంగతనమే కానివ్వండి, ఎవరికి నష్టం? అలా ఆలోచిస్తూ ఉంటే ఆదివారం తర్వాత సోమవారం గుర్తొచ్చింది. సోమవారం ఆ పిల్ల అదే రక్తంతో రోడ్డు మీదకు వెళ్తుంది. బస్టాపులో ఎవరో ఒకరు నిలబడి ఉంటారు. ప్రతిసారీ పాత ఇనుము కొనే మంచి మనిషే ఉంటాడా?

నన్ను అమ్మా అనే పిల్ల కావాలా, తలుపు కొడితే నక్కే పిల్ల కావాలా? ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. బయటకొచ్చి సీసాను వరుసలో పెట్టాను. "బల్ల కిందికి దొర్లింది" అని కౌసల్యకు చెప్పాను. ఆవిడ నన్ను ఒక్క క్షణం చూసి లేబుల్ అంటించింది. బహుశా ఆవిడ కూడా ఎప్పుడో ఒకప్పుడు గడియ పెట్టుకుని ఉంటుంది.

ఆ సాయంత్రమే నాలుగు దాటాక శ్రీశైలం ఫోను. ఏదో ఆసుపత్రిలో లిఫ్టు మధ్యలో ఆగిపోయిందట, లోపల మనుషులున్నారట. "నువ్వే పోయి బిడ్డను తీస్కరా. నేను టీచరుకు చెప్పిన."

బస్సు దొరకలేదు. ఆటో పట్టుకుని వెళ్ళేసరికి ఐదుంపావు. పిల్లలంతా వెళ్ళిపోయారు. గేటు లోపల బెంచీ మీద శ్రీనిజ ఒక్కతే బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. జరిగినదాని తర్వాత స్కూల్లో కొత్త పద్ధతి పెట్టారు. ఎవరొచ్చినా పిల్లల నోటితో చెప్పించుకున్నాకే పంపుతారు. స్కూలు వాచ్‌మన్ నన్ను ఎప్పుడూ చూసినవాడు కాదు. అడ్డంగా నిలబడి పిల్లను పిలిచాడు.

"బిడ్డా, ఇట్ల రా. ఈమె నీకెవరు? ఈమెతోని పోతవా?"

శ్రీనిజ లేచి వచ్చి ఊచల అవతల నిలబడింది. నన్ను చూసింది. మంచిగా చూసి చెప్పాలని టీచర్లు నేర్పి ఉంటారు. మొహం నుంచి చెప్పుల దాకా చూసింది, మళ్ళీ మొహం చూసింది. ఆ చూపులో పొడి లేదు, ఒక్క రవ్వ లేదు. పరాయి మనిషిని చూసినట్టే చూసింది.

కాదంటే? ఈమెతో నేను పోను అంటే ఏం చేయాలి? ఊచ పట్టుకుని నిలబడ్డాను. బెండకాయలు తరిగిన సాయంత్రం పడాల్సిన భయమంతా ఇప్పుడొచ్చి మీద పడినట్టయింది. నలభై రోజులు నేను వెతుక్కున్నది ఇదో కాదో నాకు తెలియదు. తీపిగా మాత్రం లేదు. పొడి వల్ల వచ్చింది మాత్రం కాదు.

"మా చిన్నమ్మ" అంది శ్రీనిజ. "పోత."

గేటు తెరుచుకుంది. రోడ్డు దాటడానికి చెయ్యి పట్టుకున్నాను. అవతల వైపు చేరాక కూడా నేను వదల్లేదు, తనూ లాక్కోలేదు.

"చిన్నమ్మా, నీ చెయ్యి వణుకుతున్నది."

"భయమైంది."

"ఎందుకు?"

"నువ్వు రానంటవేమోనని."

బ్యాగు భుజం మార్చుకుంది.

"నాక్కూడ అయింది" అంది. "నాయిన వస్తలేడు, నువ్వొస్తవని టీచర్ చెప్పింది. నువ్వు ఎంతకీ రాకపోతివి."